‘కొత్త అమ్మల ప్యాకేజీ’ పేరుతో లైవ్‌లో అమ్మే చేనేత చీరల విషయంలో జాగ్రత్త

పిల్లలు పుట్టాక, ఉన్న కొద్ది డబ్బుతోనే మళ్ళీ మనసుకు నచ్చినట్టు కట్టుకోవాలని చూస్తున్న తల్లులందరికీ ఈ హెచ్చరిక. రెండు మంగళగిరి చేనేత చీరలు, పాలిచ్చే తల్లుల కోసం జిప్పు పెట్టిన మూడు ఫీడింగ్ కుర్తీలు కలిపి ‘కొత్త అమ్మల ప్యాకేజీ’ అంటూ 4,999 రూపాయలకు సోషల్ మీడియా పేజీలో లైవ్ వీడియో పెట్టి అమ్ముతున్న ఒక విక్రేత దగ్గర కొని నేను మోసపోయాను. వచ్చిన చీరలు చేనేత కావు, కుర్తీలు తొడగడానికి పనికిరావు, డబ్బు తిరిగి రాలేదు. ఆ పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మే పేజీలు మరికొన్ని నా కంటబడ్డాయి కాబట్టి, పేరు కన్నా పద్ధతిని గుర్తుపట్టడం మనకు ఎక్కువ అవసరం.

పెళ్ళికి ముందు ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ నేను నూలు చీరలే కట్టేదాన్ని. ఆవపిండి రంగు చీర, దానికి మెరూన్ జాకెట్టు, చెవులకు చిన్న వెండి జుంకాలు: నన్ను ఎరిగినవారు దూరం నుంచే పోల్చుకునేంతగా అది నా తీరు అయిపోయింది. ఇద్దరు పిల్లలు, రెండు సిజేరియన్ల తరువాత ముప్పై ఆరు సైజు జాకెట్లు ఒక్కటీ పట్టలేదు. మూడేళ్ళపాటు ఇంట్లో నైటీలు, బయటికి వెళితే జిప్పు ఉన్న రెండు కుర్తీలు, అంతే. ఆడపడుచు గృహప్రవేశానికి ఆమె చీరే, ఆమె జాకెట్టే అడిగి కట్టుకుని వెళ్ళిన రోజున, అద్దంలో కనిపిస్తున్నది ఎవరో అనిపించి నిజంగా బాధ కలిగింది. ఆ తరువాత ఎనిమిది నెలలు ఇంటి ఖర్చుల్లో మిగిల్చి పోపుల డబ్బాలో దాచిన ఐదు వేలు ఇవి. మొత్తం చిన్నదే కావచ్చు, కాని అది నా కోసం నేను దాచుకున్న మొదటి డబ్బు.

ఆ లైవ్ రాత్రి తొమ్మిదిన్నరకు, పిల్లలు నిద్రపోయే వేళ చూసి పెట్టినట్టుగా మొదలవుతుంది. అమ్మే ఆవిడ ప్రతి ఒక్కరినీ ‘అక్కా’ అని పిలుస్తూ, ‘సిజేరియన్ పొట్ట కనపడదక్కా’, ‘పిల్లలు పుట్టారని మనం ముసలివాళ్ళమైపోయామా అక్కా’ అంటూ చీరను భుజం మీద వేసుకుని చూపిస్తుంది. చీర గుణం గురించి చెప్పే మాటల కంటే మన శరీరం గురించి, మన దిగులు గురించి చెప్పే మాటలే ఎక్కువని రెండోసారి ఆ వీడియో చూసినప్పుడు గమనించాను. మొదటిసారి చూసినప్పుడు మాత్రం నా మనసులోని మాటే ఆవిడ చెబుతున్నట్టు తోచింది. నచ్చిన చీరకు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ నంబరుకు పంపాలి, పది నిమిషాల్లో డబ్బు కట్టకపోతే ఆ చీర వేరొకరికి వెళ్ళిపోతుంది. క్యాష్ ఆన్ డెలివరీ లేదు. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద కనిపించిన పేరు షాపు పేరు కాదు, ఎవరో ఒక పురుషుడి పేరు. అప్పుడే ఆగి ఉండవలసింది, కాని చిన్నవాడు లేచి ఏడుస్తున్నాడన్న తొందరలో నొక్కేశాను. బిల్లు అడిగితే ‘పార్సిల్‌లో ఉంటుందక్కా’ అన్నారు. లేదు.

పదకొండు రోజులకు పార్సిల్ వచ్చింది. లైవ్‌లో చూపిన ఆవపిండి రంగు చీరకు జరీ నేత అంచు ఉంది, నాకు వచ్చినదానికి బంగారు రంగు అచ్చు వేసిన అంచు ఉంది. టేపు పెట్టి కొలిస్తే జాకెట్టు గుడ్డతో కలిపి ఐదు మీటర్లకు కొద్దిగా మాత్రమే ఎక్కువ. మామూలుగా చీరకు ఐదున్నర, జాకెట్టుకు మరో ముప్పావు మీటరు దాకా ఉండాలి. నడుము చుట్టు పెరిగిన మనకు ఆ తగ్గిన గుడ్డ సరిగ్గా కుచ్చిళ్ళ దగ్గరే తెలుస్తుంది. మూడు కుర్తీల మీదా ఎక్స్‌ఎల్ అని రాసి ఉంది కాని ఛాతీ చుట్టు ముప్పై ఎనిమిది అంగుళాలే ఉంది. పాలు పట్టడానికని పెట్టిన జిప్పు పాలు పట్టే చోటికి నాలుగు వేళ్ళ పైన ఉంది, లోపలివైపు దాని పళ్ళకు గుడ్డ మడత కూడా వేయలేదు. తొడిగి చూసిన మొదటి రోజే పిల్లవాడి బుగ్గ గీరుకుపోయింది. రెండో చీరను ఉప్పునీళ్ళలో నానబెడితే బకెట్టు నిండా నీలం దిగింది, ఆ తరువాత మూడు ఉతుకులకూ అది ఆగలేదు.

తిరిగి పంపుతానంటే, ప్యాకెట్టు విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకు ఎక్కడా ఆగకుండా తీసిన అన్‌బాక్సింగ్ వీడియో కావాలన్నారు. ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి నేను తీశాను. కాని మధ్యలో పెద్దది వచ్చి ఫోను లాగింది, వీడియో అక్కడ తెగి మళ్ళీ మొదలైంది. ‘వీడియో కట్ అయింది, మీరే మార్చి ఉంటారు’ అన్న జవాబు వచ్చింది. అంచు ఫొటోలు, టేపు ఫొటోలు, లైవ్‌లో చూపిన చీర స్క్రీన్‌షాట్ పక్కపక్కన పెట్టి పంపాక నా నంబరును బ్లాక్ చేశారు. చంటిపిల్లలున్న ఇంట్లో ఐదు నిమిషాలపాటు తెగకుండా వీడియో తీయడం ఎంత కష్టమో, తల్లులకే సరుకు అమ్ముతున్నవారికి తెలియకుండా ఉండదు.

మేముండేది విజయవాడలో. మంగళగిరి మాకు పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. పిల్లలతో బయలుదేరలేకనే ఫోనులో కొన్నాను, కాని ఇంత జరిగాక ఒక ఆదివారం పిల్లలను అత్తయ్యగారి దగ్గర వదిలి, ఆ చీర పట్టుకుని మంగళగిరి వెళ్ళాను. నేలలో గుంట తీసి అమర్చిన గుంట మగ్గం మీద కూర్చున్న ఒక పెద్దాయన చీరను పూర్తిగా విప్పను కూడా విప్పలేదు. అంచు పక్కన వేలు పెట్టి, ‘ఇది మగ్గం గుడ్డ కాదమ్మా’ అన్నారు. మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా రెండు పక్కలా పిన్నులున్న కర్రతో సాగదీసి పట్టి ఉంచుతారట. ఆ పిన్నుల గుర్తులు చీర రెండు పక్కల అంచుల వెంబడి సన్నని చిల్లులుగా, చేత్తో జరిపినవి కాబట్టి కొద్దిగా ఎడం మారుతూ కనిపిస్తాయని తన మగ్గం మీది చీరలో చూపించారు. యంత్రంతో నడిచే మరమగ్గాల గుడ్డకూ ఒక్కోసారి చిల్లులుంటాయి కనుక అదొక్కటే చూసి తేల్చకూడదని కూడా ఆయనే చెప్పారు. తరువాత నా చీర కొంగు చివరి నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించారు. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి, చిటికెడు బూడిదగా రాలిపోతుంది. నా చీర పోగు కరిగి, నల్లగా గట్టి పూస కట్టి, ప్లాస్టిక్ వాసన వేసింది. ఆ పూసను ఆయన నా అరచేతిలో పెట్టారు. పట్టు అని చెప్పి అమ్మిన చీరకైతే వెంట్రుక కాలిన వాసన రావాలి.

ఇక చట్టం సంగతి. ‘నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్’ అని రాసి పెట్టినంత మాత్రాన విక్రేత బాధ్యత తీరిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార విధానం. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు, ప్రకటనలో చూపిన లక్షణాలు వస్తువులో లేనప్పుడు విక్రేత దాన్ని వెనక్కు తీసుకోవడానికి నిరాకరించకూడదని చెబుతున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను ఫోను చేసినప్పుడు తెలుగులోనే ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు తీసుకుని అసలు పార్సిలే పంపనివారి విషయంలో, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం నివసించే ఊరి పరిధిలోనే వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. ఐదు వేలకు ఇదంతా ఎందుకని మా ఇంట్లో కూడా అన్నారు. మనం అలా ఊరుకుంటామన్న నమ్మకంతోనే మొత్తాన్ని ఐదు వేల దగ్గర ఉంచారని నా అభిప్రాయం.

కొనక ముందు చూడవలసినవి పెద్ద పనులేమీ కావు. పేజీలో పూర్తి చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్నాయా చూడండి; ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరున ఉందో ఉచితంగా కనిపిస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. మంగళగిరి నుంచి నేరుగా అమ్ముతున్నామనేవారి నంబరు మరో రాష్ట్రం అంకెలతో మొదలైతే కారణం అడగండి. చిన్న వ్యాపారులకు జీఎస్టీ లేకపోవడం తప్పు కాదు, అలాంటప్పుడు చిరునామా, ముందుగా పంపిన బిల్లు ఉండి తీరాలి. యూపీఐలో కనిపించే పేరు వేరుగా ఉంటే డబ్బు పంపవద్దు. చీర మీద చేనేత గుర్తు అయిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ దగ్గరగా చూపమనండి. చీర పొడవు, కుర్తీ ఛాతీ చుట్టు అంగుళాల్లో రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్స్‌ఎల్, ఫ్రీ సైజు అన్న మాటలకు ఒక్కో చోట ఒక్కో కొలత. లైవ్‌ను తెర మీద రికార్డు చేసి పెట్టుకోండి, అది తరువాత పేజీలో ఉండకపోవచ్చు.

మరొక విషయం ఆలస్యంగా తెలిసింది. నా పాత మెరూన్ జాకెట్టును వీధి చివరి టైలరు దగ్గరికి తీసుకువెళితే, ఆవిడ దాన్ని తిరగేసి, రెండు పక్కలా కుట్ల లోపల మడిచి ఉంచిన గుడ్డ చూపించింది. ఒక్కో పక్క అంగుళం. కుట్లు విప్పి, సరిపోని చోట చంక కింద అదే రంగు ముక్క వేసి, జాకెట్టుకు 120 రూపాయల చొప్పున మూడు జాకెట్లు వదులు చేసి ఇచ్చింది. బీరువాలో మూడేళ్ళుగా పడి ఉన్న నా నూలు చీరలు మూడూ అలా తిరిగి వచ్చాయి. ప్యాకేజీకి డబ్బు పంపే ముందు, బీరువాలోని జాకెట్లు ఒక్కసారి తిరగేసి చూసుకోమని నాలాంటి తల్లులను వేడుకుంటున్నాను.

పార్సిల్ మీది చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు, అలాంటివారెవరూ లేరన్న రాతతో తిరిగి వచ్చింది. ఆ కవరు, యూపీఐ రసీదు, స్క్రీన్‌షాట్లు, చీర రెండు పోగులు కలిపి వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేసే ఇ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. ఇదే ప్యాకేజీ కొన్నవారెవరైనా ఉంటే, చీర పాడైందని పార్సిల్ కవరు పారేయకండి. దాని మీద ఉన్న బుకింగ్ నంబరు, పంపిన ఊరి ముద్ర మన చేతిలో మిగిలిన ముఖ్యమైన ఆధారాలు.