పాత పీఎస్‌పీలో అమ్మ మంగళహారతి: హ్యాండ్‌బ్రేక్‌తో నా అనుభవం

మాది పర్లాకిమిడి. నేను ఆర్.ఉదయగిరి వైపు కొండల్లో ఒక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వారమంతా అక్కడే ఉంటాను, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తాను. ఘాట్ రోడ్డులో సిగ్నల్ అందదు. ఫోన్‌లో ఉన్న చార్జింగ్ డ్యూటీకి దాచుకోవాలి. అందుకే మా తమ్ముడు 2009లో దుబాయ్ నుంచి తెచ్చిన పీఎస్‌పీని (సోనీ వాళ్ల చేతిలో పట్టే గేమ్ మిషన్) ఇప్పటికీ బ్యాగులో పెట్టుకుంటాను. ఆటలు ఎప్పుడో మానేశాను, వీడియోలు మాత్రం చూస్తాను. 4.3 అంగుళాల తెర, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటే ప్రయాణం తెలియదు.

అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కావాల్సింది 2008 నాటి మా చెల్లి పెళ్లి డీవీడీలోని పదకొండు నిమిషాలు. అమ్మ మంగళహారతి పాడుతుంది. ఇప్పుడు అమ్మకి ఆయాసం, అంత గొంతెత్తి పాడలేదు.

మొదట బజారులో ఒక దుకాణంలో ఇచ్చాను. 200 రూపాయలు తీసుకుని మెమరీ స్టిక్‌లో (పీఎస్‌పీలో పెట్టే మెమరీ కార్డు) ఎక్కించి ఇచ్చారు. పాట వినపడుతోంది, బొమ్మ కనపడుతోంది. ఇంటికెళ్లి సంబరంగా అమ్మకి చూపించాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఏటిరా, నా మొకం ఇలగ సాగిపోనాది?" అంది. నిజమే, ముఖం అడ్డంగా సాగి ఉంది. దుకాణానికి తిరిగి వెళ్తే "చిన్న స్క్రీన్‌లో అంతే సార్" అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. చిన్న తెర అయినంత మాత్రాన మనిషి ముఖం మారిపోకూడదు కదా. ఆ రాత్రే నేర్చుకుందామని కూర్చున్నాను.

అసలు సంగతి ఇది. పీఎస్‌పీ తెర 480×272 పిక్సెళ్లు (చుక్కలు), అంటే వెడల్పు తెర. అప్పటి పెళ్లి వీడియోలు 4:3లో, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లుగా తీసినవి. దాన్ని తెచ్చి 480కి లాగితే అమ్మ ముఖమే కాదు, పందిరి గుంజలు కూడా లావెక్కుతాయి. 4:3 బొమ్మకి సరైన సైజు 368×272. పక్కల నల్లగా మిగిలిపోతుంది, మిగలనివ్వాలి.

నేను వాడింది హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్. వీడియోని ఒక రకం ఫైల్ నుంచి ఇంకో రకానికి మారుస్తుంది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, 2003 నుంచి ఉంది. విండోస్‌లో అది నడవడానికి డాట్‌నెట్ రన్‌టైమ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, అది కూడా వేసుకోవాలి. డీవీడీ పెట్టగానే అందులోని టైటిల్స్ అన్నీ వరసగా చూపించింది. పెళ్లి వీడియోగ్రాఫర్ ఇచ్చిన డీవీడీకి కాపీ లాక్ ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కావాలో సెకన్ల లెక్కన చెప్పొచ్చు. నాకు కావాల్సిన పదకొండు నిమిషాలు అలాగే కత్తిరించుకున్నాను.

మొదటిసారి అందులో ముందే ఉన్న ఒక ప్రీసెట్ (ముందే నింపి ఉంచిన సెట్టింగులు) ఎంచుకుని నొక్కేశాను. పీఎస్‌పీ "అన్‌సపోర్టెడ్ డేటా" అంది. దాని సైజూ ప్రొఫైలూ (వీడియోని కుదించే పద్ధతి స్థాయి) రెండూ ఈ మిషన్‌కి ఎక్కువే. ఇప్పటి హ్యాండ్‌బ్రేక్‌లో పీఎస్‌పీకి ప్రత్యేకంగా ప్రీసెట్ లేదు, ఇదొక్కటే నాకు నిజంగా లోటనిపించింది. మనమే తయారుచేసుకోవాలి. ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264, ప్రొఫైల్ మెయిన్ (హై పెడితే ఆడదు), లెవెల్ 3.0, ఫ్రేమ్ రేట్ కాన్‌స్టంట్, ఆడియో ఏఏసీ స్టీరియో 128 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్ల డేటా అని). బొమ్మని చూపేటప్పుడు సాగదీసే అనమార్ఫిక్ అనేదాన్ని 'నన్' (వద్దు) చేసి సైజు చేత్తో కొట్టాలి. వీడియోకి 768 కేబీపీఎస్ ఇచ్చాను. పదకొండు నిమిషాలు 75 ఎంబీ లోపే వచ్చింది. ఈ లెక్కన రెండున్నర గంటల సినిమా దాదాపు ఒక జీబీ అవుతుంది. ఒకసారి ఇవన్నీ పెట్టుకుని సొంత ప్రీసెట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ మళ్లీ తడుముకోనక్కర్లేదు.

ఫ్రేమ్ రేట్ కాన్‌స్టంట్ (ఒకేలా) ఎందుకంటే ఫోన్‌తో తీసిన వీడియోల్లో ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి వచ్చే బొమ్మల సంఖ్య, మారుతూ ఉంటుంది. మా పాప స్కూల్ డ్యాన్స్ వీడియో అలాగే వదిలేస్తే సగానికి వచ్చేసరికి పాట ముందుకీ అడుగులు వెనక్కీ అయ్యాయి. ఇది మార్చాక కుదిరింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది డీఇంటర్లేస్ ఫిల్టర్. పాత డీవీడీల్లో ఒక్కో ఫ్రేమ్‌ని రెండు సగాలుగా, గీత విడిచి గీతగా పెడతారు. ఏదైనా కదిలినప్పుడు అంచున దువ్వెన పళ్లలా గీతలు పడతాయి. అమ్మ హారతి పళ్లెం తిప్పుతున్నప్పుడు దీపం చుట్టూ అవే గీతలు. ఫిల్టర్ వేశాక దీపం దీపంలా ఉంది. దుకాణంవాళ్లు ఇంత చిన్న పని కూడా చేయలేదని అప్పుడు తెలిసింది.

మీ పీఎస్‌పీలో 3.30 కంటే ముందు ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే ఈ సైజు ఆడదు, అప్‌డేట్ చేసుకోవాలి. ఫైల్‌ని మెమరీ స్టిక్‌లో 'వీడియో' అనే ఫోల్డర్‌లో, ఇంగ్లీషు పెద్దక్షరాలతో ఆ పేరు పెట్టి వేయాలి. ఫైల్ పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. స్టిక్ పాడైపోయినవాళ్లు మైక్రో ఎస్‌డీ కార్డుని ఆ స్టిక్‌లా వాడుకోనిచ్చే ప్రో డుయో అడాప్టర్ కొనుక్కోవచ్చు, నాది ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

నా లాప్‌టాప్ పాతది. పెద్ద సినిమాలైతే గంట దాటిపోతుంది. అందుకని రాత్రి నాలుగైదు వీడియోలు క్యూలో పెట్టి పడుకుంటాను, తెల్లారేసరికి అయిపోతాయి.

చివరగా ఒక పని హ్యాండ్‌బ్రేక్ చేయదు, నేనే చేశాను. 160×120 సైజులో ఒక ఫోటో తీసి, వీడియో పేరే పెట్టి, చివర జేపీజీ బదులు టీహెచ్‌ఎం అని మార్చి పక్కనే వేస్తే మెనూలో ఆ బొమ్మ కనిపిస్తుంది. హారతి పళ్లెంతో ఉన్న అమ్మ ఫోటో పెట్టాను. మొన్న ఆదివారం అమ్మ చేతికిచ్చాను. బొమ్మని చూసి, బటన్ ఎక్కడుందో అడిగి, తనే నొక్కింది. పాట అయిపోయేదాకా పెదాలు కదుపుతూనే ఉంది.