బుల్లెట్ ట్యాంకుకి పీపీఎఫ్ (రంగుని కాపాడే పారదర్శక ఫిల్మ్): 14 నెలలు వాడాక

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఖమ్మం నుంచి మధిర, సత్తుపల్లి, కొత్తగూడెం అంటూ రోజంతా బండి మీదే తిరుగుడు. బ్యాగు వీపున వేసుకుంటే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది కాబట్టి ట్యాంకు మీదే పెట్టుకుంటాను. అటు బ్యాగు జిప్పులు, ఇటు బెల్టు బకిల్. దెబ్బంతా ట్యాంకు రంగుకే.

పాత బండికి 450 రూపాయలు పెట్టి నల్ల రెగ్జిన్ కవర్ తొడిగించాను. రంగు భద్రంగా ఉందనే నమ్మకంతో మూడేళ్లు తీయలేదు. బండి అమ్మేరోజు తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. కవర్ కిందకి చేరిన సన్నటి దుమ్ము, బండి అదిరినప్పుడల్లా గరుకు కాగితంలా రుద్దేసింది. వానకి తడిసి లోపల ఆరక మసక మచ్చలు కట్టింది. అంచు ఆనిన చోటల్లా తెల్లటి చార. కొనడానికి వచ్చినాయన ఆ ట్యాంకు చూపించే 3,000 తగ్గించాడు. రెగ్జిన్ కవర్ మాత్రం దయచేసి వేయించకండి.

ఇప్పుడున్నది మెరూన్ బుల్లెట్ 350. ట్యాంకు మీది బంగారు గీతలు చేత్తో గీసినవి. కళ్లు మూసుకుని వేలితో తడిమినా గీత సన్నగా ఎత్తుగా తగులుతుంది. దాన్ని కాపాడుకోవాలనే నా తాపత్రయమంతా.

మొదట అడిగిన షాపులో సిరామిక్ కోటింగ్, అంటే రంగు మీద పూసే పల్చటి పూత, చాలన్నారు. దానివల్ల మెరుపు వస్తుంది, నీళ్లు నిలవవు, కడగడం తేలిక. కానీ బకిల్ గీరితే ఆపే మందం దానికి లేదు. అందుకే వైరా రోడ్డులో ఇంకో షాపుకి వెళ్లి టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ ఫిల్మ్ వేయించాను. అదే పీపీఎఫ్. మందం దాదాపు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. ట్యాంకు ఒక్కదానికే 3,200 తీసుకున్నారు.

పని చేసిన తమ్ముడి చేతిని మెచ్చుకోవాలి. బంగారు గీత మీద ఫిల్మ్ వద్దు, రేపు తీసేటప్పుడు గీత లేచి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందన్నాను. విసుక్కోలేదు. ట్యాంకు మీద కాగితం పరిచి, గీతకి వేలెడు ఇవతలే ఆగేలా కొలత గీసుకున్నాడు. ఫిల్మ్‌ని బల్ల మీద పెట్టి కోశాడు. ట్యాంకు మీదే బ్లేడు పెట్టి కోసేవాళ్లుంటారు, ఆ గాటు రంగులోకి దిగిపోతుంది. ముందే అడిగి తెలుసుకోండి. తర్వాత సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచులకి నీళ్లు నెట్టాడు. మోకాళ్ల దగ్గర వంపు తిరిగే చోటే గంటన్నర పట్టింది. వారం రోజులు కడగొద్దన్నాడు, కడగలేదు.

14 నెలల్లో బ్యాగు కింద సన్నగీతలు చాలాసార్లు పడ్డాయి. మే నెలలో డాక్టరు గారి క్లినిక్ ముందు బండి ఎండలో మూడు గంటలు నిలబెడితే, వేడికి ఆ గీతలు వాటంతటవే కలిసిపోయాయి. బకిల్ గట్టిగా దిగిన ఒక గాటు మాత్రం పోలేదు. అది ఫిల్మ్‌లోనే ఆగిపోయింది, కింద రంగు చెక్కుచెదరలేదు. నాకు అంతకంటే ఏం కావాలి! ఇంతవరకు పసుపు రంగు కూడా తిరగలేదు.

దుమ్ము పట్టిన ట్యాంకుని పొడి గుడ్డతో తుడవడం మానేశాను. ముందు నీళ్లు పోసి, తర్వాతే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ.

లోపం ఒక్కటే, పెట్రోలు మూత దగ్గర. బంకులో ఫుల్ ట్యాంక్ అంటే నాజిల్ తీసేటప్పుడు నాలుగు చుక్కలు పడుతూనే ఉంటాయి. వెంటనే తుడవకపోతే అంచు కిందకి దిగి జిగురు వదిలిపోతుంది. ఎనిమిదో నెలలో అక్కడ గోరంత మేర లేచింది. షాపుకి వెళితే హీట్ గన్‌తో వేడిచేసి అతికించాడు, డబ్బులు తీసుకోలేదు. ఈమధ్య మళ్లీ లేచింది. ఆ ముక్క ఒక్కటీ మార్చడానికి 500 అవుతుందన్నాడు, ఈసారి మూతకి ఇంకాస్త దూరంగా కోయమని చెప్పాను. వచ్చే ఆదివారం బండి ఇస్తున్నాను.