మట్టి గ్రౌండ్, టర్ఫ్, గచ్చు: ఎక్కడికి ఏ ఫుట్‌బాల్ మేలు?

స్పోర్ట్స్ షాపులో ఫుట్‌బాల్ కావాలంటే ముందు మన బడ్జెట్ అడుగుతారు. అడగాల్సింది మాత్రం ఎక్కడ ఆడతారని. మన ఊళ్లలో ఎక్కువమంది ఆడేది స్కూలు మట్టి గ్రౌండ్‌లోనే. సిటీలో అయితే గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు, అపార్ట్‌మెంట్లలో గచ్చు కోర్టులు. ఒక చోట రెండేళ్లు నిలిచే బంతి ఇంకో చోట రెండు నెలలు కూడా రాదు. బ్రాండ్ కంటే, ధర కంటే నేలే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా మట్టి గ్రౌండ్. మన గ్రౌండ్లలో మట్టి పేరుకే, చాలాచోట్ల ఉండేది మొరం, గులకరాళ్లు. మెత్తటి పీయూ (పాలియురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్) పూత ఉన్న కుట్టు బంతిని దీనిమీద ఆడితే ముందు పైపూత గీసుకుపోతుంది. తర్వాత ముక్కలు కలిసే అంచుల దగ్గర దారం నలిగి పోగులు లేస్తుంది. ఒక కుట్టు తెగితే పక్క కుట్ల మీద లాగుడు పెరిగి అవీ వదులవుతాయి. చివరికి ఆ సందులోంచి బ్లాడర్, అంటే లోపలుండే గాలి తిత్తి, నిమ్మకాయంత ఉబ్బి బయటికొస్తుంది. ఆ స్థితిలో ఇంకో నాలుగు షాట్లు కొడితే బంతి పని అయిపోయినట్టే.

కాబట్టి ఇక్కడ పోటీ రెండింటి మధ్యే. ఒకటి రబ్బరు మోల్డెడ్ బంతి, అంటే బాస్కెట్‌బాల్ లాగా అచ్చులో పోసింది. దీనిమీద కనిపించే గీతలు కుట్లు కావు, గాడులు మాత్రమే, కాబట్టి తెగడానికి దారమే ఉండదు. రెండోది రబ్బరు పైపొర ఉన్న ముక్కలను కలిపి కుట్టింది. జలంధర్‌లో తయారయ్యే నివియా లాంటి మన కంపెనీలు గడ్డి లేని గట్టి గ్రౌండ్‌కి పనికొచ్చేలా ఇలాంటి బంతులు అమ్ముతున్నాయి. రెండు రకాలూ సాధారణంగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి.

రాపిడికి తట్టుకోవడంలో మోల్డెడ్‌దే పైచేయి. కానీ పల్లేరుకాయలున్న గ్రౌండ్ అయితే లెక్క మారుతుంది. ముల్లు దిగి గాలి పోతే కుట్టు బంతిని కాస్త విప్పి, బ్లాడర్‌కి ప్యాచ్ వేయించో కొత్తది పెట్టించో మళ్లీ కుట్టించుకోవచ్చు. చెప్పులు కుట్టే మంచి పనివాడు దొరికితే తెగిన కుట్లూ వేయించుకోవచ్చు. మోల్డెడ్‌లో బ్లాడర్ పైపొరతో అతుక్కుని ఉంటుంది, మామూలుగా దాన్ని విప్పి బాగుచేయలేం. పైగా అది గట్టిగా ఉంటుంది, తలకి తగిలితే దిమ్మ తిరుగుతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లోనే ప్రైమరీ వయసు పిల్లల ట్రైనింగ్‌లో హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం, వద్దని చెప్పింది. వాళ్లు ఆడేది మెత్తటి బంతులతో, మెత్తటి గడ్డి మీద. ఎండిన మొరం మీద మోల్డెడ్ బంతితో చిన్నపిల్లల చేత హెడ్డింగులు కొట్టించే పీఈటీ సార్లు ఈ మాట దయచేసి పట్టించుకోవాలి. రోజూ యాభై మంది తన్నే స్కూలు బంతి మోల్డెడ్‌దైతే సరిపోతుంది. టోర్నమెంట్‌కి తయారయ్యే టీముకి మాత్రం రబ్బరు కుట్టు బంతే మేలు.

టర్ఫ్ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. కింద ప్లాస్టిక్ గడ్డి, దాని మధ్య చాలాచోట్ల నల్లటి రబ్బరు గుళ్లు. రాళ్లుండవు కాబట్టి పీయూ పూత ఇక్కడ బతుకుతుంది, లోపలి ఫోమ్ పొర వల్ల కాలికి హాయిగా తగులుతుంది. అదే మోల్డెడ్ రబ్బరు బంతి తెస్తే ఎగిరెగిరి నెట్ మీదికి పోతుంది, పాస్ ఆపుకోవడానికే సగం టైమ్ అయిపోతుంది. కుట్లు లేకుండా వేడితో అతికించిన థర్మల్ బాండెడ్ బంతులు టర్ఫ్ మీద ఇంకా బాగుంటాయి. సూది రంధ్రాలుండవు కాబట్టి వానలో నీళ్లు తాగవు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము ఆడింది తోలు బంతులతో, అవి తడిస్తే ఎంతో బరువెక్కేవి. ప్రపంచ కప్‌లో పూర్తి సింథటిక్ బంతి వచ్చిందే 1986లో. అయితే థర్మల్ బాండెడ్‌లో ఒక లోపం ఉంది. అతుకు లేస్తే మళ్లీ మునుపటిలా అతకడం కష్టం. అందుకే వారానికోసారి ఆడే ఆఫీసు గ్యాంగుకి మెషీన్ కుట్టు బంతి చాలు. వారంలో నాలుగైదు రోజులు ఆడేవాళ్లయితే బాండెడ్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు.

అసలైన పచ్చగడ్డి మీద కూడా ఇదే లెక్క. వానాకాలంలో తడి గడ్డి మీద బాండెడ్ ఇంకాస్త నయం.

గచ్చు మీద మాత్రం మామూలు ఫుట్‌బాల్ వద్దే వద్దు. ఇక్కడికి ఫుట్సాల్ (గట్టి నేల మీద ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్) బంతి కావాలి. చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, అంటే మామూలు 5వ సైజు బంతి (68 నుంచి 70) కంటే చిన్నది. బరువు 400 నుంచి 440 గ్రాములు, పెద్ద బంతికి ఇంచుమించు సమానం. అసలు తేడా ఎగరడంలో. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటిసారి 50 నుంచి 65 సెంటీమీటర్లే లేవాలని రూల్. అదే ఎత్తు నుంచి వదిలిన మంచి మ్యాచ్ బంతి మీటరు దాటి లేస్తుంది. ఫుట్సాల్ బంతి కాలి దగ్గరే ఉంటుంది కాబట్టి అరికాలితో ఆపడం, చిన్న జాగాలో తిప్పడం పిల్లలకి త్వరగా వస్తాయి. ఎగరట్లేదని దానికి ఎక్కువ గాలి కొట్టకండి, అది అలాగే ఉండాలి. ఇంకో జాగ్రత్త: దీన్ని చేసింది చెక్క ఫ్లోర్ లాంటి నున్నటి నేల కోసం. గరుకు సిమెంటు మీదైతే ఖరీదైన ఫుట్సాల్ బంతి వద్దు, చౌకది చాలు.

ప్రపంచ కప్ బొమ్మ చూసి మోసపోవద్దు. ఒకే డిజైన్‌తో అడిడాస్ నాలుగైదు రకాలు అమ్ముతుంది. ఆటగాళ్లు వాడే అసలు మ్యాచ్ బంతి పదివేలు పైమాటే. అదే రంగుల్లో చౌకగా వచ్చే ‘క్లబ్’ రకం మెషీన్ కుట్టుది. టర్ఫ్‌కి అది బాగానే ఉంటుంది, మొరం మీద మాత్రం నిలవదు. బొమ్మ కంటే ఫిఫా ముద్ర చూడండి. ‘ఫిఫా బేసిక్’ ఉన్నా బరువు, గుండ్రదనం, నీళ్లు పీల్చడం లాంటివి పరీక్షించారని అర్థం. ఏ నేలకైనా సైజు కూడా చూడండి. ఎనిమిదేళ్ల లోపు 3, పన్నెండు దాకా 4, ఆపైన 5.

గాలి వాల్వ్ పక్కన రాసినంతే ఉండాలి. గట్టి నేల మీద ఆ అంకెల్లో తక్కువ వైపే ఉంచితే కుట్ల మీదా మోకాళ్ల మీదా భారం తగ్గుతుంది. సూదిని తడి చేసి నిటారుగా దించండి, పొడిగా వంకరగా గుచ్చితే వాల్వ్ చిరిగిపోతుంది. ఎండాకాలంలో బంతిని కారు డిక్కీలో వదిలేయొద్దు, వేడికి లోపల గాలి ఒత్తిడి పెరిగి అతుకులు దెబ్బతింటాయి.

శనివారం స్కూలు గ్రౌండ్, ఆదివారం టర్ఫ్ అన్నట్టు రెండు చోట్లా ఆడుతూ ఒక్కటే కొనగలిగితే రబ్బరు కుట్టు బంతి తీసుకోండి. టర్ఫ్ మీద కాస్త గట్టిగా తగులుతుంది, గాలి కొంచెం తగ్గిస్తే సర్దుకుంటుంది. పీయూ బంతిని మాత్రం మొరం నుంచి కాపాడటానికి ఏ ఉపాయమూ లేదు.