50 యూరోల సంతకం: రోరీ గాలహర్ పుట్టిన ఊరిలో మా బస

బాలీషానన్‌లో మేము దిగిన బసలో గోడకు వేలాడుతున్న ఎలక్ట్రిక్ గిటారు మీది సంతకం ఐరిష్ రాక్ గిటారిస్టు రోరీ గాలహర్‌ది కాదని తేలడానికి మాకు ఒక రాత్రి, సెల్‌ఫోను లైటు సరిపోయాయి. ఆ గది ముగ్గురికి రాత్రికి 145 యూరోలు. ‘రోరీ స్వహస్తాలతో సంతకం చేసిన గిటారు ఉన్న గది’ కాబట్టి రాత్రికి మరో 25 యూరోలు. రెండు రాత్రులకు 340 యూరోలు చెల్లించాము. అందులో ఆ 50 యూరోల గురించే ఇదంతా రాస్తున్నాను.

మా బావమరిది పదిహేనేళ్లుగా గిటారు వాయిస్తున్నాడు. రాక్ సంగీతంలో అతనికి రోరీ తరువాతే ఎవరైనా. ఐర్లండ్‌లో డొనెగాల్ కౌంటీకి చెందిన ఈ చిన్న ఊరిలో 1948లో రోరీ పుట్టాడు. అప్పట్లో అతని తండ్రి ఎర్న్ నది మీద కడుతున్న జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. ఏటా మే నెలాఖరున, జూన్ మొదట్లో ఇక్కడ రోరీ పేరిట ఉత్సవం జరుగుతుంది. 2024లో నేను, నా భార్య, బావమరిది కలిసి దానికి బయలుదేరాము.

దారి విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. డబ్లిన్ నుంచి నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎన్నిస్కిలెన్ మీదుగా పోతుంది, ఆ ఊరు యునైటెడ్ కింగ్‌డమ్ పరిధిలోనిది. సరిహద్దు దగ్గర గేటు లేదు, పోలీసు లేడు, కాబట్టి దాటినట్టు కూడా తెలియదు. కానీ బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం (బీఐవీఎస్) ముద్ర లేని ఐర్లండ్ వీసా ఒక్కటే ఉన్న భారతీయులకు అటు వెళ్లే హక్కు లేదు. మేము డబ్లిన్ కొనలీ స్టేషన్‌లో స్లైగో రైలెక్కి, అక్కడి నుంచి డొనెగాల్ వైపు వెళ్లే బస్సు పట్టుకున్నాము. కాస్త ఆలస్యమైనా ఇదే మంచి దారి.

బసలో మొదటి సాయంత్రం బాగానే గడిచింది. రాత్రి కచేరీ నుంచి తిరిగి వచ్చాక బావమరిది ఆ గిటారును దగ్గరగా చూడాలనుకున్నాడు. తెల్లని పిక్‌గార్డు (గిటారు ఒంటి మీద గీతలు పడకుండా బిగించే పలక) మీద నల్లటి మార్కరుతో చేసిన సంతకం, పక్కన చట్రంలో ఒక ధ్రువపత్రం. ధ్రువపత్రంలో సంతకం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట జరిగిందన్న ముక్క ఒక్కటీ లేదు. అతను ఫోను లైటు వేసి గిటారు తలభాగం మీది సీరియల్ నంబరు చదివాడు. అది ‘ఎం ఎన్ 8’తో మొదలవుతోంది. ఫెండర్ కంపెనీ గిటార్లలో ‘ఎం’ అంటే మెక్సికోలో తయారైనది, ‘ఎన్’ అంటే తొంభైల దశకం, తరువాతి అంకె సంవత్సరం. అంటే 1998లో తయారైన గిటారు. రోరీ 1995 జూన్ 14న లండన్‌లో కన్నుమూశాడు.

“బావా, పోయిన మనిషి మూడేళ్ల తరువాత వచ్చి ఎలా సంతకం చేస్తాడు?” అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది. సాయంత్రం అదే గిటారు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఫొటో తీయించుకున్నవాడు అతను.

మర్నాడు ఉదయం ఫలహారాల వేళ యజమానురాలిని అడిగాము. తాను వేలంలో అలాగే కొన్నానని, ధ్రువపత్రం ఉంది కదా అని అన్నారు. నంబరు చూపించాము. అప్పుడామె అది ‘నివాళి’గా పెట్టిన గిటారు అని మాట మార్చారు. బుకింగు పేజీలోని ‘స్వహస్తాలతో’ అన్న మాటను నా భార్య తన ఫోనులో తీసి ఆమె ముందు పెట్టింది. సమాధానం రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. సాధారణంగా ఇలాంటి చోట్ల నన్ను ఊరుకోమనే నా భార్య ఆ రోజు మధ్యాహ్నం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. గది శుభ్రంగా ఉంది, సోడా బ్రెడ్ చాలా రుచిగా ఉంది. అయినా ఆ బసకు ఎవరినీ వెళ్లమని చెప్పలేను. సంతకం చేసిన గిటారు చూపిస్తామని ఎవరు డబ్బు అడిగినా ముందు సీరియల్ నంబరు చదవండి.

మమ్మల్ని తేరుకునేలా చేసినది ఊరే. ఏటవాలు వీధిలో రోరీ కాంస్య విగ్రహం 2010 నుంచి నిలబడి ఉంది. దాని చుట్టుపక్కల వీధి కచేరీలకు టికెట్టు లేదు. పండిన జుట్టు పెద్దలు, పదేళ్ల పిల్లలు అవే పాటలు కలిసి పాడుతుంటే వాన పడుతున్నా ఎవరూ కదల్లేదు.

తరువాత కార్క్‌లో ఒక రోజు హాయిగా గడిచింది. రోరీ పెరిగిన నగరం అది. అక్కడి క్రౌలీ దుకాణంలోనే 1963లో, పదిహేనేళ్ల వయసులో, దాదాపు 100 పౌండ్ల ధరకు వాయిదాల మీద 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు కొన్నాడు. అతని పేరు పెట్టిన కూడలి, నగర గ్రంథాలయంలో అతని పేరిట ఉన్న సంగీత విభాగం రెండూ చూడటానికి పైసా ఖర్చు లేదు.

చివరి సాయంత్రం డబ్లిన్ టెంపుల్ బార్ పేటలో, రోరీ పేరు పెట్టిన మూలన, గోడకు బిగించిన కాంస్య స్ట్రాటోకాస్టర్ దగ్గరకు వెళ్లాము. అసలు గిటారు ఎంత ఉంటుందో ఇదీ అంతే. అసలుది 1966లో డబ్లిన్‌లోనే దొంగల పాలై, కొన్నాళ్లకు తిరిగి దొరికింది; తరువాతి మూడు దశాబ్దాల చెమటకు దాని రంగు దాదాపుగా రాలి కర్ర బయటపడింది. బావమరిది ఆ లోహపు మెడ మీద వేళ్లు పెట్టి తనకు వచ్చిన ఒక గమకాన్ని చాలాసేపు నొక్కుతూ ఉండిపోయాడు. మేము తొందర పెట్టలేదు.

ఇంటికి వచ్చిన నాలుగున్నర నెలలకు, అక్టోబరు 17న, ఆ అసలు గిటారు లండన్‌లో బోన్‌హమ్స్ వేలంలో 8,89,400 పౌండ్లకు అమ్ముడైందని, కొన్న లైవ్ నేషన్ గెయిటీ ప్రొడక్షన్స్ సంస్థ దానిని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేస్తోందని బావమరిది ఫోను చేసి చెప్పాడు. ఆ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఈసారి డబ్లిన్‌లోనే దిగుదామని, బాలీషానన్‌లో వేరే బస తాను వెదుకుతానని నా భార్య అప్పుడే చెప్పేసింది.