చెతారా నెత్తళ్ళ ఊట: వంద మిల్లీలీటర్ల సీసా మన వంటింట్లో

మాగాయ పెట్టే ఇంట్లో ఈ సరుకు గురించి చెప్పడం తేలిక. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తే మూడోనాటికి ఊట దిగుతుంది. ముక్కల్ని పిండి ఎండబెడతాం, ఊటనూ ఎండలో పెడతాం, మళ్ళీ రెండూ కలుపుతాం. మామిడికాయ స్థానంలో నెత్తళ్ళు, జాడీ స్థానంలో చెస్ట్‌నట్ చెక్క పీపా, మూడు రోజుల స్థానంలో నెలలు అనుకోండి. తేడా ఏమిటంటే, అక్కడ చివరికి సీసాకెక్కేది ముక్క కాదు, ఊట. దాని పేరు ‘కొలతూరా ది అలీచి’. అలీచి అంటే నెత్తళ్ళు, కొలతూరా అంటే కారి దిగినది. దక్షిణ ఇటలీలో సాలెర్నో పక్కన, అమాల్ఫీ తీరంలో, రెండు వేల మంది ఉండే చెతారా అనే జాలరి ఊరిది ఈ సరుకు.

శ్రీకాకుళం, విజయనగరం కిరాణా కొట్లలో అడిగి లాభం లేదు. అటు నుంచి వచ్చే చుట్టాలతోనో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. డబ్బు పెట్టే ముందు లేబుల్ చదవండి. సరుకుల జాబితాలో నెత్తళ్ళు, ఉప్పు తప్ప మూడోది ఉండకూడదు. నీళ్ళు, పంచదార కనిపిస్తే అది వేరే రకం ఫిష్ సాస్. ‘ది చెతారా’ అని ఊరి పేరు, దానితోపాటు ఎరుపు పసుపు రంగుల గుండ్రటి డీఓపీ ముద్ర (సరుకు ఆ చోటిదేనని చెప్పే గుర్తింపు) ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2020లో ఈ పేరుకు ఆ రక్షణ ఇచ్చింది. ఊరి పేరు లేకుండా ‘కొలతూరా ది అలీచి’ అని మాత్రమే ఉంటే అది చెడ్డదని కాదు గానీ, వంద మిల్లీలీటర్లకు పది యూరోలు దాటే ధర దానికి పెట్టాల్సిన పని లేదు. సీసాని వెలుతురుకి ఎత్తి చూడండి. ముదురు తేనె రంగులో, తేటగా ఉండాలి.

ఇంత చిన్న ఊరు తన పేరును సీసా మీదికి ఎక్కించుకోవడం ఒక్కరోజులో జరగలేదు. 9వ శతాబ్దంలో అక్కడ అరబ్బులు స్థావరం వేశారు. తర్వాత వేట మీద పన్ను మఠాలకూ అమాల్ఫీ బిషప్పుకూ వెళ్ళేది. సముద్రంలో చేప పడితే ఒడ్డున వాటాదారు కాచుకుని ఉండటం అన్ని తీరాల్లోనూ ఉన్నదే. 1534లో ఒట్టోమాన్ నౌకలు దాడి చేసి జనాన్ని బానిసలుగా పట్టుకుపోయాయి. ఒడ్డున ఇప్పటికీ నిలబడి ఉన్న కావలి బురుజు అలాంటి భయాల కాలానిదే. అమాల్ఫీ తీరాన్ని 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

చేప ఊట మాత్రం ఆ ఊరి కంటే పాతది. రోమన్లు గారుమ్ అనే చేప రసం లేనిదే వంట చేసేవారు కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన రోమన్ నగరం పోంపేయిలో, ఉంబ్రికియుస్ స్కౌరుస్ అనే గారుమ్ వ్యాపారి తన ఇంటి నేల మీద గారుమ్ కూజాల బొమ్మలే మొజాయిక్‌గా వేయించుకున్నాడు. గారుమ్‌లో చేప పేగులు కూడా వేసేవారు. చెతారాలో తలా పేగూ తీసేస్తారు. అందుకే ఇది తేటగా దిగుతుంది, నీసు కూడా తక్కువ.

తయారీ చూస్తే ధర ఎందుకంతో అర్థమవుతుంది. సంప్రదాయం ప్రకారం మార్చి 25 నుంచి జూలై 22 మధ్య పట్టిన నెత్తళ్ళే వాడాలి. రాత్రిపూట పడవ మీద దీపాలు పెట్టి, వెలుగుకు చేరిన గుంపును వలలో చుట్టేస్తారు. ఒడ్డుకు రాగానే కత్తి లేకుండా చేత్తోనే తల గిల్లుతారు, దాంతోపాటే పేగూ వచ్చేస్తుంది. ‘తెర్జిన్యో’ అనే చిన్న పీపాలో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు, తలవైపు తోకవైపు మార్చి మార్చి పేరుస్తారు. పైన చెక్క మూత, దాని మీద సముద్రపు రాళ్ళు. చేప మగ్గేకొద్దీ బరువు తగ్గిస్తారు. పైకి తేలిన ఊటను తీసి గాజు పాత్రల్లో ఎండకు పెడతారు, నీరు ఇగిరి చిక్కబడుతుంది. శరదృతువు చివర దాన్ని మళ్ళీ పీపాలో పోస్తే, వరసల గుండా దిగుతూ వాటి సారమంతా లాగేసుకుని, అడుగున పొడిచిన చిల్లులోంచి బొట్టు బొట్టుగా కారుతుంది. డిసెంబరు మొదట్లో కొత్త ఊట సిద్ధం. క్రిస్మస్ ముందు రాత్రి మాంసం తినని ఆచారం కాబట్టి ఆ పూట స్పఘెట్టికి ఇదే కూర. మన లెక్కలో కార్తీకం వెళ్ళిపోయాక అందే సరుకన్నమాట.

నెత్తళ్ళు, కొన్ని ఊళ్ళలో మెత్తళ్ళు, మన తీరంలోనూ పడతాయి. జాతి వేరు, కుటుంబం ఒకటే. వాళ్ళు ఉప్పు పెట్టే రోజుల్లోనే ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం, పడవలు ఒడ్డున ఉంటాయి. పైగా మనకు ఇసుకా ఎండా ఉన్నాయి గనక నీరంతా ఆవిరై పోతుంది, ఎండుచేప మిగులుతుంది. వాళ్ళు ఆ నీటినే దాచుకున్నారు.

ఇది చదివి ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలో చేద్దామని దిగకండి. నెత్తళ్ళు వలలోంచి వచ్చాక వేడిలో కాసేపు ఉన్నా వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. అది మరిగించినా పోదు. మొహం ఎర్రబడటం, దద్దుర్లు, వాంతులు దాని పనే. ఉప్పు తగ్గితే ప్రమాదకరమైన సూక్ష్మజీవులకు చోటు. బజారుకు వచ్చేసరికే మెత్తబడిన చేపతో, మే నెల ఎండలో, ఈ పని కాదు.

ఇక వాడకం. మూత తీయగానే వచ్చే వాసనతో తీర్పు చెప్పేయకండి. ఎండుచేపల బజారు మొత్తం సీసాలో దూరినట్టు ఉంటుంది. పొగలు కక్కే అన్నం గరిటెడు వేసుకుని దాని మీద నాలుగు చుక్కలు వేయండి. నీసు ఆవిరితో వెళ్ళిపోయి, వేయించిన ఎండు నెత్తళ్ళ కమ్మదనం నిలుస్తుంది. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఇది ఉప్పు బదులు వాడేది, ఉప్పుతో పాటు కాదు. ఒక టీస్పూనులో గ్రాముకు పైనే ఉప్పు ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు దాన్ని లెక్కలో వేసుకోవాలి.

ముద్దపప్పులో ఉప్పు వేయకుండా ఉడికించి, దించాక నలుగురికి రెండు టీస్పూన్లు కలిపితే ఎండుచేప నంజుకున్నట్టే ఉంటుంది. కాల్చిన వంకాయ పచ్చడికి ఇంతకంటే మంచి జోడీ లేదు: రెండు పెద్ద వంకాయలు, పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి, అర చెక్క నిమ్మరసం, చివర్లో ఒకటిన్నర టీస్పూను ఊట. చోడి అంబలికి గ్లాసుకు పావు టీస్పూను చాలు. చింతపండు పులుసులో మాత్రం దండగ. పులుపు దాన్ని మింగేస్తుంది, మరుగుతో వాసన పోతుంది, మిగిలేది ఖరీదైన ఉప్పు నీళ్ళు. పోపులో వేస్తే ఇంకా ఘోరం, మాడి ఇల్లంతా కంపు కొడుతుంది.

చెతారా పద్ధతిలో చేయాలంటే మనిషికి వంద గ్రాముల స్పఘెట్టి, ఉప్పు వేయని నీళ్ళలో ఉడికించాలి. తప్పు జరిగేది ఇక్కడే. అలవాటుగా నీళ్ళలో ఉప్పు వేస్తే పళ్ళెం మొత్తం పారబోయాలి. మనిషికి ఒక పెద్ద చెంచా ఊట, రెండు చెంచాల ఆలివ్ నూనె, తరిగిన వెల్లుల్లి, పార్స్‌లీ, మిరప గిన్నెలో కలిపి, పొయ్యి ఆపేశాక వేడి స్పఘెట్టి అందులో వేసి తిప్పాలి. మొదటిసారి సగం ఊటతో మొదలుపెట్టడం మంచిది. పార్స్‌లీ లేకపోతే కొత్తిమీర. చీజ్ వద్దు.

తెరిచిన సీసా ఫ్రిజ్ తలుపులో పెట్టండి. ఇంత ఉప్పులో కుళ్ళదు గానీ, మన వేసవికి రంగు నల్లబడి పరిమళం తగ్గుతుంది. అడుగున తెల్లటి పలుకులు చేరితే అది ఉప్పే, భయం లేదు. నీసు ముట్టని వారాలు పాటించే ఇంట్లో దీనికి విడిగా ఒక చెంచా, విడిగా ఒక మూల తప్పదు. ఒలికితే చెక్క అరకి ఆ వాసన నెలరోజులు వదలదు.

ఇటలీలోనే వంద మిల్లీలీటర్లు పది యూరోలకు తక్కువ దొరకడం కష్టం. ఆ డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడా ఎండు నెత్తళ్ళు వస్తాయి, రోజువారీ వంటకు అవే మేలు. వంకాయ పచ్చడి, పప్పు, ఎప్పుడైనా ఒక ఆదివారం స్పఘెట్టి అనుకుంటే మాత్రం చిన్న సీసా చాలు. పెద్దది కొనకండి. తెచ్చే చుట్టాలకు ముందే చెప్పండి: చేతి సంచిలో కాదు, చెకిన్ లగేజీలో, రెండు పాలిథీన్ కవర్లు చుట్టి, బట్టలకు దూరంగా.