మూడు వేళ్ల పాదముద్ర: చిన్న పెంపుడు జంతువుల అంతిమ సేవపై ఒక సమీక్ష

అంతిమ సేవ కోసం నింపవలసిన దరఖాస్తులో జంతువు రకం అన్నచోట కుక్క, పిల్లి అని రెండే గడులు కనిపించడంతో, ఈ సంస్థ మాకు పనికిరాదనుకుని దాదాపు మానుకున్నాను. మాది గినీ పిగ్. పేరు గవ్వ. ఏడేళ్ల నాలుగు నెలలు మాతో ఉంది. ఈ జాతి సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది కనుక అది నిండు వయసుకు చేరిందనే చెప్పాలి. ఇంటికి వచ్చి కారుణ్య మరణం కలిగించి, ఆ తరువాత దహనం చేయించి, అస్థికలు తెచ్చి అప్పగించే సేవను మేము మూడు వారాల కిందట వాడుకున్నాం. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నందున సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవను ఎంచుకోబోయేవారికి పేరుకన్నా ఏమేం అడగాలో తెలియడమే ఎక్కువ అవసరం.

అంతవరకు ఎలా వచ్చామో కొంత చెప్పాలి. గినీ పిగ్ వేట జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కనుక బాధను చివరివరకు దాచుకుంటుంది. కుంటదు, మూలగదు, తినడం మాత్రం తగ్గిస్తుంది. అందువల్ల వారానికొకసారి వంటింటి త్రాసు మీద తూచి పుస్తకంలో రాసుకోవడం మా ఇంట మొదటినుంచీ ఉన్న అలవాటు. ఒకప్పుడు 1,050 గ్రాములున్న గవ్వ ఐదు నెలల్లో 780కి వచ్చింది. వీటి పళ్లు, ముందరివే కాక దవడ పళ్లు కూడా, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్ల అవి అరుగుతాయి, నమలలేకపోతే ఇంకా పెరిగి నాలుకకు అడ్డుపడతాయి. గవ్వకు రెండుసార్లు మత్తిచ్చి పళ్లు అరగదీయించాం. కీళ్లనొప్పికి మందు, అరికాళ్ల పుండ్లకు మెత్తని పరుపు, తనంతట తాను తయారుచేసుకోలేని విటమిన్ సి రోజూ చుక్కల రూపంలో, చివరి పది రోజులు గడ్డిపొడి కలిపిన గుజ్జు సిరంజితో. ఎండుగడ్డి దగ్గరికి ఆత్రంగా వెళ్లి, ఒక పోచ నోట పట్టుకుని, నమలలేక వదిలి వెనక్కి తిరిగేది. ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండి తినలేకపోవడం వేరు. మమ్మల్ని నిర్ణయం వైపు నెట్టింది ఈ రెండోదే. త్రాసు 710 చూపించిన రోజు ఫోన్ చేశాను.

అంతకుముందు అడిగిన ఒక పశువైద్యశాల, చిన్న జంతువులను చూడమని ఒక్క మాటలో చెప్పి ఫోన్ పెట్టేసింది. తెలుగులో గినీ పిగ్ అనే మాటను మనం ఎక్కువగా ఎవరి మీదనో ప్రయోగం జరుగుతున్నదని చెప్పడానికే వాడతాం. నిజమైన గినీ పిగ్ ఒకటి ఇంట్లో కళ్ల ముందు క్షీణిస్తున్నదంటే అవతలివారికి ఒక క్షణం అర్థం కాకపోవడం మాకు కొత్త కాదు. ఈ సంస్థలో ఫోన్ తీసిన ఆవిడ మాత్రం ముందు పేరు అడిగారు, తరువాత బరువు అడిగారు, ఆపైన గవ్వ చివరిసారిగా ఎప్పుడు తిన్నదని అడిగారు. ఆ మూడో ప్రశ్నతో నాకు నమ్మకం కుదిరింది. గినీ పిగ్ ఒక పూట తినకపోతేనే పేగుల కదలిక మందగించడం మొదలవుతుంది కనుక, కుక్క విషయంలోలాగా రెండు రోజులు చూద్దామనే వీలు దీని విషయంలో ఉండదని తెలిసినవారే ఆ ప్రశ్న అడుగుతారు. తెలుగులో ఆడవారికీ జంతువులకూ క్రియాపదం ఒకటే కాబట్టి, ‘తిన్నదా’, ‘పడుకున్నదా’ అని ఆవిడ అడుగుతుంటే మా ఇంటి ఆడపడుచు గురించి వాకబు చేస్తున్నట్టే వినిపించింది. అది ఆవిడ ఉద్దేశమో, మన వ్యాకరణం చేసిన మేలో తెలియదు; నాకు మాత్రం ఊరటగా ఉంది. దరఖాస్తులో ఏది టిక్ చేయాలని అడిగితే, ఖాళీగా వదిలి పక్కన చేత్తో రాయమన్నారు.

మరుసటి రోజు ఉదయం చెప్పిన సమయానికి డాక్టరుగారు వచ్చారు. ఈ సమీక్షలో ఐదుకు ఐదు ఇవ్వదగిన భాగం ఇదే. బుట్టలోంచి తీయకుండా, గవ్వ రోజూ పడుకునే గుడ్డ మీదనే ఉంచి, జరగబోయేదంతా ముందే వరుసగా చెప్పారు. మొదటి సూది మత్తు కోసం. అది పూర్తిగా పట్టాకనే రెండోది. ఇంత చిన్న శరీరంలో రక్తనాళం దొరకబుచ్చుకోవడం కష్టం కనుక, మెలకువలో ఉన్న జీవిని అందుకోసం పట్టుకుని హింసించడం ఇష్టం లేక, గాఢనిద్రలోకి వెళ్లిన తరువాత కడుపులోకి ఇస్తానన్నారు. కళ్లు మూసుకోవనీ, శ్వాస ఆగిన తరువాత కూడా ఒకటి రెండుసార్లు నోరు తెరిచినట్టు కనిపించవచ్చనీ, అది బాధ కాదనీ, గుడ్డ తడవవచ్చనీ కూడా చెప్పారు. ముందే చెప్పకపోయి ఉంటే ఆ తెరిచిన కళ్లను నేను ఏళ్ల తరబడి మరో విధంగా గుర్తుపెట్టుకునేదాన్ని.

మత్తు పట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ గవ్వ నా అరచేతి కింద ఉంది. రెండో సూది తరువాత ఆయన స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు తీయలేదు. గినీ పిగ్ గుండె మామూలుగానే నిమిషానికి 230 నుంచి 380 సార్లు కొట్టుకుంటుంది; ఆ వేగం నుంచి నిశ్శబ్దానికి రావడానికి కొంత సమయం పడుతుందనీ, ఆగిందని రూఢి చేసుకోకుండా చెప్పననీ అన్నారు. తరువాత ఆగిందని చెప్పారు. గడియారం చూడలేదు, కాగితాలు తీయలేదు, పక్క గదిలో కూర్చుంటానని లేచి వెళ్లారు. సంతాపం తెలపడం ఎలాగో శిక్షణలో నేర్పుతారేమో కాని, పక్క గదిలోకి వెళ్లాలన్న వివేకం నేర్పితే వచ్చేది కాదనుకుంటాను.

పాదముద్ర తీసుకుంటారని నాకు ముందు తెలియదు. మెత్తటి మట్టిబిళ్ల మీద ముందు పాదం, వెనుక పాదం రెండూ అద్దించారు. గినీ పిగ్‌కు ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుక కాళ్లకు మూడేసి. వారి దగ్గరున్న నమూనా బిళ్లలన్నీ కుక్కల పంజాలు. సహాయకుడు మూడు వేళ్ల ముద్ర చూసి, సరిగా పడలేదనుకుని మళ్లీ అద్దబోతే డాక్టరుగారు ఆపి, సరిగానే పడిందన్నారు. ఆ బిళ్ల బొటనవేలంత ఉంది. ఏడేళ్లలో ఆ అరికాలిని మందు రాయడానికి కొన్ని వందలసార్లు తిప్పి చూశానుగాని, మధ్యవేలు మిగతా రెండింటికన్నా అంత పొడవని బిళ్ల మీద చూశాకనే గమనించాను.

ఇక దహనం విషయం. ఇంటి వెనక పాతిపెడదామని మావారు అన్నారు. డాక్టరుగారు వద్దనలేదుగాని, కారుణ్య మరణానికి వాడే మందు శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుందనీ, లోతు చాలక ఏ కుక్కో తవ్వి తింటే దానికీ ప్రాణాపాయమనీ చెప్పడంతో దహనమే ఎంచుకున్నాం. ఇక్కడ మాటల తేడా జాగ్రత్తగా గమనించాలి. కొలిమిలో ఆ జంతువును ఒక్కదాన్నే ఉంచి చేసేది ఒక రకం. ఒకే కొలిమిలో కొన్నింటిని ఎడమెడంగా ఉంచి చేసేది రెండో రకం, ఇందులో బూడిద కొంతైనా కలుస్తుంది. అన్నింటినీ కలిపి చేసి అస్థికలు తిరిగి ఇవ్వనిది మూడో రకం. ఈ సంస్థ కరపత్రంలో మొదటి రెండింటికీ ‘ప్రత్యేక దహనం’ అనే ఒకే మాట వాడారు. గుచ్చి అడిగితేగాని తేడా చెప్పలేదు. మోసమని అననుగాని, దుఃఖంలో ఉన్నవాళ్లు గుచ్చి అడగరని వారికి మనకన్నా బాగా తెలుసు. ఒక నక్షత్రం తగ్గించింది మొదట ఇక్కడ.

అడిగాక మాత్రం అన్నీ వివరించారు. శరీరంతో పాటు సంఖ్య చెక్కిన లోహపు బిళ్ల వెళుతుంది, అదే బిళ్ల అస్థికలతో తిరిగి వస్తుంది. ఇంత చిన్న జంతువును పెద్ద కొలిమిలో నేరుగా పెడితే సన్నని ఎముకలు గాలి ఒత్తిడికి చెదిరి ఏమీ మిగలకపోవచ్చు కనుక, అంచులున్న ట్రేలో ఉంచి, గాలి తగ్గించి చేస్తారట. చిన్న జంతువులకు ఈ సేవ తీసుకునే ఎవరైనా తప్పక అడగవలసిన ప్రశ్న ట్రే గురించినదే. రుసుము మాత్రం బరువును బట్టి నిర్ణయిస్తూ, అతి తక్కువ వర్గాన్నే ఐదు కిలోల వరకు అని పెట్టారు. 710 గ్రాముల జీవికీ, దానికి ఆరేడు రెట్లున్న పిల్లికీ ఒకే రుసుము. కొలిమికి పట్టే సమయం, మనుషుల శ్రమ లెక్క వేస్తే అందులో కొంత న్యాయముందని ఒప్పుకుంటాను.

తీసుకువెళ్లే బండి సాయంత్రానికిగాని రాదన్నారు. ఈ ఆలస్యం గురించి ముందే చెప్పి ఉండాల్సింది. అయితే ఆ మధ్యకాలంలో ఏం చేయాలో ఫోన్‌లో చక్కగా చెప్పారు: కొద్ది గంటల్లో శరీరం బిగుసుకుంటుంది కనుక ఇప్పుడే కాళ్లు లోపలికి మడిచి నిద్రపోతున్నట్టు పడుకోబెట్టండి, పొడి తువ్వాలులో చుట్టి చల్లని చోట ఉంచండి, మరణకారణం పరీక్ష చేయించాలన్న ఆలోచన ఉంటే గడ్డకట్టనివ్వవద్దు. మేము పరీక్ష కోరలేదు. తువ్వాలు మాత్రం రెండుసార్లు విప్పి చుట్టాను, మొదటిసారి చెవి మడతపడిందేమోనన్న అనుమానంతో.

ఈ ఖాళీ గంటల్లోనే వారి సేవలోని పెద్ద లోటు బయటపడింది. గవ్వకు పూస అనే తోడు ఉంది. గినీ పిగ్ మందలో బతికే ప్రాణి; స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం దాన్ని ఒంటరిగా పెంచడమే కుదరదు. అటువంటి జంతువు తోడును పోగొట్టుకున్నప్పుడు ఏం చేయాలో సంస్థవారు ఒక్క మాట చెప్పలేదు. శరీరాన్ని కాసేపు దాని దగ్గర ఉంచితే, వాసన చూసి, ఒకటి రెండుసార్లు ముక్కుతో నెట్టి, కొంతసేపటికి తనంతట తాను పక్కకు జరుగుతుందనీ, అలా చూడనివ్వకపోతే కొన్ని రోజులు వెతుకుతూ పిలుస్తుందనీ ఏళ్లుగా వీటిని పెంచుతున్న ఒక స్నేహితురాలు చెప్పడంతో, తువ్వాలు విప్పి గవ్వను పూస పక్కన ఉంచాం. పూస దగ్గరికి వచ్చి, గవ్వ చెవి వెనుక భాగాన్ని, రోజూ నాకే చోటునే, కాసేపు నాకింది. తరువాత వెళ్లి గడ్డి తిన్నది. ఆ గడ్డి నమిలే చప్పుడు వింటూ నేను ఆ రోజు మొదటిసారి ఏడ్చాను. మనుషులకు కరపత్రం, దుఃఖ సహాయానికి ఫోన్ నంబరు ఇచ్చిన సంస్థ, బతికున్న జంతువు కోసం నాలుగు వాక్యాలైనా ఇచ్చి ఉండవలసింది. తోడు పోయిన గినీ పిగ్‌ను రోజూ తూచాలనీ, తిండి తగ్గితే వెంటనే చూపించాలనీ ఆ నాలుగు వాక్యాల్లో ఉంటే చాలు.

అస్థికలు ఐదో రోజు వచ్చాయి. చిన్న చెక్కపెట్టె, లోహపు బిళ్ల మీద సరైన సంఖ్య, పక్కన ఒక సంతాపపత్రం. పత్రం మీద, చనిపోయిన పెంపుడు జంతువులు దాటి వెళతాయని చెప్పుకునే ఇంద్రధనుస్సు వంతెన దాటుతున్న కుక్క బొమ్మ; మా గవ్వ కుక్క మొరుగు వింటే గూట్లోకి దూరి గంటసేపు బయటికి రాని మనిషి. కోపం రాలేదు, నవ్వొచ్చింది. లోపల పేరు మాత్రం చేత్తో, తప్పు లేకుండా రాశారు. సంచిని అదే వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను, అనుమానంతో కాదు, అలవాటుకొద్దీ. 28 గ్రాములు. రెండు మూడు చెంచాలకు మించదు. ఆ పరిమాణం జీవికి అంతే వస్తుందని వారు ముందే చెప్పి ఉండకపోతే, ఏదో పోగొట్టారని అనుమానపడేదాన్ని.

వారం తరువాత ఫోన్‌లో మాట్లాడిన ఆవిడే మళ్లీ ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడిగారు. అభిప్రాయం కోరడానికి చేశారనుకున్నానుగాని, అలాంటిదేమీ అడగలేదు. ఎలుక లాంటిదే కదా, ఇంకొకటి తెచ్చుకోండని బంధువులు అంటున్న రోజులవి. పూస కూడా ముసలిదే, దానికి ఇప్పుడు కొత్త తోడు తేవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నామని ఆవిడతో చెప్పాను. తొందరపడవద్దనిగాని, తెచ్చుకోమనిగాని చెప్పకుండా, పూస బరువెంత అని అడిగారు.

ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ కరపత్రంలోని మాటకూ, బండి ఆలస్యానికీ, పూసను మరచినందుకూ కలిపి. డాక్టరుగారికి విడిగా వేయవలసి వస్తే ఒక్కటీ తగ్గించను. పూసకు ఆరేళ్లు దాటాయి, నిన్నటి తూకం 890. వారి నంబరును ఫోన్‌లోంచి తీసేయలేదు. ట్రే, లోహపు బిళ్ల, కొలిమిలో ఒక్కటేనా కాదా, బండి ఎన్నింటికి అని ఈసారి మొదటి ఫోన్‌లోనే అడగవలసినవి తూకాల పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను.