చేత్తో చేసిన శుభలేఖ, కార్డుకి 120: డబ్బులు ఎక్కడికి పోయాయో లెక్క చూశాక

చెల్లి పెళ్లికి శుభలేఖలు చేత్తో చేయించాం. ఎవరు చేశారు, ఎంతయింది అని చుట్టాల్లోనే పదిమంది ఫోన్ చేశారు, అందరికీ చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా. చేసినావిడది విజయవాడ సత్యనారాయణపురం. కొట్టేమీ లేదు, ఇంట్లో ముందుగదే పనిగది. పేరూ నంబరూ పెట్టొద్దన్నారు, చేతిలో ఉన్న పనే ఎక్కువగా ఉందట. కాబట్టి అవి అడక్కండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత, కాటాకి ఇంత, హమాలీకి ఇంత అని రోజంతా అదే పని, అందుకే నాకు కార్డు అందం కంటే రేటు మీదే ముందు కన్ను పడింది. 120 రూపాయలు అనగానే నాన్న లేచి నిలబడినంత పని చేశారు. పెద్దక్క పెళ్లికి వన్ టౌన్‌లో కార్డు 18 రూపాయలకి కొట్టించిన మనిషి మరి. "వందకి చెయ్యమ్మా, 120 కార్డులు తీసుకుంటున్నాం కదా" అన్నారు. ఆవిడ నవ్వి "రేటు తగ్గించను బాబాయ్ గారూ, కావాలంటే పని తగ్గిస్తాను. దారం ముడి వద్దనుకుంటే కార్డుకి 12 తగ్గుతుంది" అని ఒక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. చీరల కొట్టు నుంచి కూరల బజారు దాకా ఎన్నో బేరాలు చూశాను గానీ, ఖర్చుల పుస్తకం తెరిచి చూపించినవాళ్లని అదే చూడటం.

అందులో ఉన్నది ఉన్నట్టు చెప్తా. కార్డు మందపాటి హ్యాండ్‌మేడ్ కాగితం, నూలు గుజ్జుతో చేసింది. షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది, ఆవిడకి 80 రూపాయలు పడుతోంది. చెల్లి విప్పితే 10 అంగుళాలు ఉండే కార్డు అడిగింది. షీటు అంచులు గరుగ్గా ఉంటాయి కాబట్టి కొంచెం కోసి పారేయాలి, అలా 10 అంగుళాలైతే షీటుకి 8 కార్డులే వస్తాయి. తొమ్మిదిన్నర చేస్తే 9 వస్తాయి. పాడయ్యేవాటికి పది శాతం కలిపి 132 చెయ్యాలి, అంటే 17 షీట్ల బదులు 15 చాలు. మిగిలింది 160 రూపాయలే కావచ్చు, కానీ అడక్కుండానే చెప్పారు చూడండి, నాకు అక్కడే గురి కుదిరింది.

కార్డు మీద నిలువుగా పెడన కలంకారీ బట్ట ముక్క ఒకటి వస్తుంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నది దాన్నే. దాని ఖరీదు ఎంతో తెలుసా, రెండు రూపాయలు! రెండు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవు ముక్కలు మీటరు బట్టలో నూటికి పైగా వస్తాయి. అతికించడానికి మాత్రం ఎనిమిది నిమిషాలు. జిగురు పల్చనైతే బట్టలోంచి పైకి ఊరి మరక పడుతుంది, చిక్కనైతే ఎండాక అట్టలా బిగుసుకుంటుంది, అందుకని జిగురు కాగితానికి రాసి, బట్ట అంచులు లోపలికి మడిచి, వేలితో పైనుంచి కిందికి ఒక్కసారే జారుస్తారు. మళ్లీ వెనక్కి లాగితే నేత సాగిపోతుందట. ఆ తర్వాత రాత్రంతా బరువు కింద ఉంచాలి. ఆవిడ బరువులు ఏమిటంటే పిల్లల ఇంటర్ పుస్తకాలు, ఒక రుబ్బురోలు పొత్రం.

మొత్తం ఇలా పడింది. కాగితం 10, బట్ట 2, లోపలి కాగితం ప్రింటింగ్ 12, కవరు 14, దారం పూస జిగురు 4. ఇవి 42. కత్తిరించి మడవడం దగ్గర్నుంచి కవరులో పెట్టేదాకా ఒక్కో కార్డుకి 22 నిమిషాలు, గంటకి 120 చొప్పున 44. కరెంటు, బ్లేడ్లు, ప్రెస్సుకి తిరిగే ఆటోలకి 10. మొత్తం 96. దాని మీద పాతిక శాతం, అంటే 24 వేసుకుని 120. మా ఆర్డరుకి చేతిపనే 44 గంటలు.

ఇక్కడ నాలాంటివాడు ఆగలేడు కదా. ఆవిడ "నాకు పాతిక శాతం మిగులుతుంది" అంటున్నారు గానీ, అది ఖర్చు మీద పాతిక. అమ్మిన రేటు మీద చూస్తే ఇరవయ్యే. అంటే ఎవరైనా మొహమాటపెట్టి ఇరవై శాతం తగ్గించమంటే 120 కాస్తా 96 అయి కూర్చుంటుంది, లాభం సున్నా. మా నాన్న అడిగిన వందకి ఒప్పుకుని ఉంటే కార్డుకి నాలుగు రూపాయలు, 120 కార్డులకి 480. ఆ మాట చెప్తే ఆవిడ కాసేపు కాలిక్యులేటర్ వంక చూసి, "పోయిన ఏడాది ఒకళ్లకి ఇరవై శాతం తగ్గించానండీ" అన్నారు. ఏమనాలో నాకు తోచలేదు.

ఆవిడ లెక్కలో కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది, మాటలు. డిజైన్‌కి విడిగా 1,500 తీసుకున్నారు, రెండు సార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి 300. దానికి నేను గొణిగాను, దాచుకోను. కానీ మేం పెట్టిన హింస కూడా చెప్పాలి. వాట్సాప్‌లో రాత్రి పదింటికి మెసేజ్‌లు, మూడు సార్లు ఇంటికి వెళ్లి కూర్చోవడం, కాఫీలు, చెల్లి రంగు మార్చడం, పెద్దనాన్న పేరు ముందా బాబాయి పేరు ముందా అనే పంచాయితీ. నా అంచనాలో ఆరు గంటలు దాటింది. అందులో డిజైన్ పని కూడా ఉంది. మొదట చెల్లి ఫోన్‌లో ఏదో యాప్‌లో చేసి పంపితే "లక్ష్మీ సౌభాగ్యవతి"లో వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి, ఆవిడ మళ్లీ డీటీపీ చేసే చోట "అను" అనే తెలుగు ఫాంట్లలో కొట్టించారు.

ఆ మూడో మార్పు ఎందుకొచ్చిందో చెప్తే నవ్వుతారు. ముహూర్తం తెల్లవారుజామున. "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అని వెయ్యాలి, మేం రాసిచ్చిన కాగితంలో ఆ ముక్క లేదు. శనివారం అని మాత్రమే ఉంటే సగం మంది శనివారం సాయంత్రం వచ్చి ఖాళీ మండపం చూసి పోయేవాళ్లు. పట్టుకున్నది ఆవిడే. తప్పు మాదే, 300 ఇచ్చేశాం.

ఇక కోపం వచ్చిన విషయం. కార్డులు వచ్చిన రోజు నాయనమ్మ పీట వేసుకుని కూర్చుని, గిన్నెలో పసుపు కలిపి నాలుగు మూలలా బొట్లు పెట్టడం మొదలుపెట్టింది. మామూలు కార్డు మీదైతే నున్నటి కాగితం కాబట్టి బొట్టు బొట్టులాగే ఉంటుంది. ఇది నూలు కాగితం, నీళ్లు పీల్చేసుకుంది. చూస్తుండగానే పసుపు చెమట పట్టినట్టు పాకి పక్కనున్న బంగారు గీతలోకి, వినాయకుడి బొమ్మలోకి వెళ్లిపోయింది. మేం గమనించి "ఆగు నాయనమ్మా" అనేలోపు 14 కార్డులు పోయాయి. పెళ్లి కార్డులు చేసేవాళ్లకి దాని మీద పసుపు పెడతారని తెలియదా? ఫోన్‌లో కాస్త గట్టిగానే అడిగాను. ఆవిడ వాదించలేదు. "ఇంతకుముందు పార్టీలు పొడి పసుపే అద్దారండీ, తడిగా పెడితే పాకుతుందని ముందే చెప్పాల్సింది" అన్నారు. చేసిన 132లో పాడైనవి 7 పోగా, మా 120 కాక మిగిలిన అయిదు మాకు ఊరికే ఇచ్చి ఉన్నారు, అవి పోను ఇంకో 9 కావాల్సి వచ్చాయి. వాటికి కార్డుకి 96 తీసుకున్నారు, లాభం లేకుండా. సగం నష్టం ఆవిడ భరించి ఉంటే ఇంకా న్యాయంగా ఉండేదని ఇప్పటికీ నా అభిప్రాయం, నాన్న మాత్రం "ఆడపిల్ల కష్టం, పోనీలే" అన్నారు. బేరం మొదలుపెట్టిందీ ఆయనే!

మొత్తం 17,064 అయింది. అయిదు వారాలు పట్టింది, చెప్పిన రోజుకి రెండు రోజులు లేటు, సగం అడ్వాన్సు ఇవ్వాలి. మేం అందరికీ ఇవే ఇవ్వలేదు. దగ్గరివాళ్లకి ఇవి, మిగతా 350 మందికి వన్ టౌన్‌లో కొట్టించిన మామూలు కార్డులు. ఎవరికి ఏది అన్న దాని మీద ఇంట్లో జరిగిన గొడవ వేరే కథ. తక్కువ కార్డులు చేయించేవాళ్లు ఒకటి చూసుకోండి, డిజైన్ 1,500 అనేది 120 కార్డులకి పంచితే కార్డుకి పన్నెండున్నర, 30 కార్డులకే అయితే యాభై.

స్టార్లు ఇమ్మంటే నాలుగు. ఒకటి పసుపుకి పోయింది.

మొన్న బాబాయి వాళ్ల గృహప్రవేశానికి 40 కార్డులు కావాలంటే మళ్లీ అక్కడికే తీసుకెళ్లాం. ఈసారి కార్డుకి 135 అన్నారు, తక్కువ కార్డులు కాబట్టి. నోటుబుక్కులో "మాటలు, మార్పులు" అని కొత్త గడి ఒకటి కనిపించింది. నాన్న బేరం ఆడలేదు. కార్డు వేళ్లతో తడిమి చూసి, "పసుపు పాకదు కదమ్మా?" అని మాత్రం అడిగారు. ఆవిడ లోపలికెళ్లి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చారు.